బావి గట్టు నుంచి మామిడి తోట దాకా: చిత్తూరు జిల్లాలో చిన్న ఇంజన్లు, వాటి మరమ్మతు చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- దక్షిణ రాయలసీమలో కపిల నుంచి ఆయిల్ ఇంజన్‌కు, ఆయిల్ ఇంజన్ నుంచి కరెంటు మోటారుకు జరిగిన మార్పును కారణాలతో వివరించగలుగుతారు.
- చిన్న ఇంజన్‌లో లోపాన్ని వెతికే పద్ధతి ఎలా రూపొందిందో చెప్పగలుగుతారు.
- యంత్రాల చరిత్రలో మరమ్మతుకు ఉన్న స్థానాన్ని అంచనా వేయగలుగుతారు.
- మీ ఊరిలో లభించే ఆధారాలతో ఒక చిన్న చరిత్ర రచనకు పూనుకోగలుగుతారు.

1. పరిచయం

యంత్రాల చరిత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చేవి కనిపెట్టినవారి పేర్లు, కనిపెట్టిన సంవత్సరాలు. 1876లో నికొలస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను తయారు చేశాడు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ విజయవంతంగా పనిచేసింది. ఇవి తెలుసుకోదగినవే. అయితే పలమనేరు దగ్గర ఒక రైతు బావి మీద ఇంజన్ ఎందుకు వచ్చింది, ఎన్నాళ్లు నడిచింది, ఎందుకు మూలన పడింది అన్న ప్రశ్నలకు ఈ సంవత్సరాలు సమాధానం చెప్పవు.

యంత్రం కనిపెట్టడానికి ఒక రోజు చాలవచ్చు. వాడకం మాత్రం తరాల తరబడి సాగుతుంది. వాడకం ఉన్నచోట మరమ్మతు కూడా ఉంటుంది. డేవిడ్ ఎడ్జర్టన్ అనే చరిత్రకారుడు 2006లో ప్రచురించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో సాంకేతిక చరిత్రను ఆవిష్కరణల వైపు నుంచి కాక వాడకం వైపు నుంచి చూడాలని వాదించాడు. డేవిడ్ ఆర్నాల్డ్ 2013 నాటి 'ఎవ్రీడే టెక్నాలజీ' గ్రంథంలో కుట్టుమిషన్, సైకిల్, టైపురైటర్, బియ్యం మిల్లు వంటి చిన్న యంత్రాలు భారతీయుల జీవితాన్ని ఎలా మార్చాయో చూపాడు. ఈ పాఠంలో మనం అదే దృష్టితో మన జిల్లాలోని చిన్న ఇంజన్లను పరిశీలిద్దాం.

ఒక మాట ముందుగా గమనించండి. 'చిత్తూరు జిల్లా' అని ఇక్కడ వాడినప్పుడు 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన పాత జిల్లా అని అర్థం. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో ఏర్పడిన ఆ జిల్లా 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య విడిపోయింది.

2. ఇంజన్‌కు ముందు: కపిల బావి

చిత్తూరు జిల్లాలో ఏడాది పొడవునా పారే పెద్ద నది లేదు. స్వర్ణముఖి, బాహుదా, కౌండిన్య వంటివి వానాకాలపు ఏర్లు. అందువల్ల ఇక్కడి వ్యవసాయం చెరువుల మీద, బావుల మీద ఆధారపడింది. చెరువు నిండని ఏడు బావే దిక్కు.

బావి నీటిని పైకి తెచ్చే సాధనాలు రెండు. లోతు తక్కువైతే ఏతం, ఎక్కువైతే కపిల. తెలంగాణలో మోట అని పిలిచేదాన్నే రాయలసీమలో కపిల అంటారు. జత ఎద్దులు బావి గట్టు నుంచి వాలుగా ఉన్న బాటలో దిగుతూ మోకును లాగితే, నీటి బాన పైకి వచ్చి తోలు తొండం గుండా కాలువలోకి నీరు పోస్తుంది. మళ్లీ ఎద్దులు వెనక్కి నడవాలి.

కపిల మరమ్మతు ఎవరు చేసేవారు? మోకు తెగితే, తొండం చినిగితే, గిలక అరిగితే ఊరిలోనే పని జరిగేది. తోలు పని చేసేవారు, వడ్రంగి, కమ్మరి ఊరిలోనే ఉండేవారు. వారికి చాలాచోట్ల కూలి పంట కళ్లంలో ధాన్యంగా అందేది. అంటే సాధనం, దాన్ని బాగుచేసే నైపుణ్యం, దానికి చెల్లింపు మూడూ ఊరి పొలిమేర లోపలే ఉండేవి. దీన్ని అందమైన స్వయంసమృద్ధిగా మాత్రమే చూడకండి. తోలు పనివారికి దక్కింది అంటరానితనం, అరకొర మేర. అయినా ఒక విషయం స్పష్టం: కపిల ఆగితే దాన్ని మళ్లీ నడిపించడానికి రైతు పట్నం వైపు చూడనవసరం లేదు.

కపిలకు అసలైన బలహీనత ఎద్దులే. నీరు లాగినా లాగకపోయినా వాటికి మేత వేయాలి. కరువు వచ్చిన ఏడు నీటి అవసరం పెరుగుతుంది. సరిగ్గా అదే ఏడు మేత దొరకక పశువులు చనిపోతాయి.

3. ఆయిల్ ఇంజన్ రాక (సుమారు 1900–1945)

ఈ బలహీనతను గుర్తించినవారిలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ముఖ్యుడు. మద్రాసు ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసిన ఇతడు, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆయిల్ ఇంజన్‌కు సెంట్రిఫ్యూగల్ పంపు బిగించి బావి నీటిని తోడే ప్రయోగాలు మద్రాసు రాష్ట్రంలో చేపట్టాడు. అప్పటికి చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1908లో ఉదకమండలంలో జరిగిన పారిశ్రామిక సదస్సు తరువాత మద్రాసులో పరిశ్రమల శాఖ బలపడింది, దాని బాధ్యత ఛాటర్టన్‌కు దక్కింది. ప్రభుత్వమే పరిశ్రమలు నడపడం తగదంటూ 1910లో భారత మంత్రి మోర్లే అభ్యంతరం చెప్పడంతో ఆ శాఖ కుంటుపడింది. 1912లో ఛాటర్టన్ మైసూరు కొలువుకు వెళ్లాడు. బావులపై ఇంజన్ల వాడకం మాత్రం ఆగలేదు.

ఆనాటి ఇంజన్ ఎలా ఉండేదో ఊహించండి. హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ రూపకల్పనతో ఇంగ్లండులో హార్న్స్‌బీ కంపెనీ 1890ల నుంచి తయారు చేసిన రకం ఇంజన్‌లో ప్లగ్గు లేదు. సిలిండర్ తలకు అతుక్కుని ఒక ఇనుప గుండు ఉండేది. ఉదయం పని మొదలుపెట్టే ముందు ఆ గుండును బ్లోల్యాంపు మంటతో కొన్ని నిమిషాలు కాల్చాలి. అది తగినంత వేడెక్కాక పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పితే, లోపలికి చేరిన నూనె ఆ వేడికి అంటుకుని ఇంజన్ నడిచేది. గుండు చాలినంత కాలకపోతే ఇంజన్ అందుకోదు. నడిపేవాడి అనుభవమే ఇక్కడ థర్మామీటరు.

అందరు రైతులూ దీన్ని ఎందుకు కొనలేకపోయారు? మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది ధర. భూమి అభివృద్ధి రుణాల చట్టం (1883), వ్యవసాయదారుల రుణాల చట్టం (1884) కింద ప్రభుత్వం అప్పు ఇవ్వగలిగినా, హామీగా చూపే భూమి ఉన్నవారికే అది అందుబాటులో ఉండేది.

రెండవది బావి. కపిల తోడే వేగానికి బావిలో నీరు ఊరుతూ ఉంటుంది. ఇంజన్ అదే బావిని కొద్ది గంటల్లో ఖాళీ చేస్తుంది. ఊట బాగా ఉన్న పెద్ద బావి, దాని కింద ఒకేచోట తగినంత భూమి ఉంటే తప్ప ఇంజన్ గిట్టుబాటు కాదు. చిన్న కమతాల రైతుకు ఈ రెండూ లేవు.

మూడవది మరమ్మతు. ఇంజన్ విడిభాగాలు ఇంగ్లండు నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి జిల్లాకు రావాలి. చెరకు గుక్కెడు నీటి కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఒక చిన్న భాగం కోసం వారాలు ఆగడమంటే పంట పోగొట్టుకోవడమే. అందుకే ఇంజన్ కొన్న రైతులు సైతం ఎద్దులను వెంటనే అమ్ముకోలేకపోయారు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇంధనానికి రేషన్ వచ్చింది. రోడ్ల మీద బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది కూడా ఆ యుద్ధకాలంలోనే, 1944 ఏప్రిల్‌లో. కొండ ఎక్కే బస్సులు పెరిగే కొద్దీ తిరుపతిలో వాటిని నడిపేవారు, బాగుచేసేవారు కావలసివచ్చారు. ఇంజన్ పనికి ఊరిలో కాక పట్నంలో కేంద్రం ఏర్పడటానికి ఇదొక కారణం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
కపిల మరమ్మతుకూ, తొలి ఆయిల్ ఇంజన్ మరమ్మతుకూ గల రెండు తేడాలు రాయండి.

4. డీజిల్ ఇంజన్, మెకానిక్ షెడ్ (1946–1980)

స్వాతంత్ర్యం వచ్చే నాటికి ఇంజన్ స్వరూపం మారింది. ఇంగ్లండులోని లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన 'సి.ఎస్.' రకం డీజిల్ ఇంజన్‌కు గుండు కాల్చే పని లేదు. 6 హార్స్‌పవర్ రకం నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరిగేది. నెమ్మదిగా తిరిగే ఇంజన్ నెమ్మదిగానే అరుగుతుంది. దాని భాగాలు పెద్దవి, సాదాసీదావి, విప్పడానికి బిగించడానికి వీలైనవి. గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు ఇదే నమూనాలో ఇంజన్లను దేశమంతటికీ తయారు చేశాయి. పూణేలో 1946లో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ స్థాపితమైంది. విడిభాగాలు ఇక ఓడలో రానవసరం లేకపోయింది.

మన జిల్లాలో ఇంజన్ ఒక్క బావికే పరిమితం కాలేదు. చెరకు గానుగకు, వేరుశెనగ కాయలు కొట్టే మిషన్‌కు, వడ్లు ఆడే మిల్లుకు బెల్టు వేసి అదే ఇంజన్‌ను వాడుకున్నారు. ఎద్దులు తిప్పిన గానుగను ఇంజన్ తిప్పడంతో బెల్లం వండే రోజుల్లో పని వేగం మారింది.

ఈ కాలంలోనే పట్నాల్లో, సంత ఊళ్లలో మెకానిక్ షెడ్ స్థిరపడింది. 1950లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వృత్తి శిక్షణ పథకం కింద ఐ.టి.ఐ.లు వచ్చాయి. 1979లో గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణనిచ్చే 'ట్రైసెమ్' పథకం మొదలైంది. అయినా ఎక్కువమంది పని నేర్చుకున్నది మేస్త్రీ దగ్గరే. నట్లు డీజిల్‌లో కడగడంతో మొదలై, ప్యాకింగ్ కత్తిరించడం, వాల్వు రుద్దడం, చివరకు ఇంజన్ శబ్దం విని లోపం చెప్పడం దాకా సాగేది ఆ చదువు.

కపిలను బాగుచేసే పని పుట్టుకతో వచ్చిన కులానికి కట్టుబడి ఉండేది. షెడ్‌లో పని మాత్రం, సూత్రరీత్యా, ఏ ఇంటి పిల్లవాడైనా నేర్చుకోవచ్చు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆడపిల్లలకు ఆ తలుపు దాదాపు మూసే ఉంది. చెల్లింపు ధాన్యం నుంచి నగదుకు మారింది. పంట పండని ఏడు కూడా మెకానిక్‌కు రొక్కమే ఇవ్వాలి.

5. లోపాన్ని వెతికే పద్ధతి

మెకానిక్ జ్ఞానం పుస్తకాల్లో తక్కువగా నమోదైంది. కానీ అది గాలివాటం జ్ఞానం కాదు. దానికి ఒక క్రమం ఉంది. చరిత్ర విద్యార్థిగా ఆ క్రమాన్ని మీరు అర్థం చేసుకోవాలి. లేకపోతే ఒక మేస్త్రీని ఇంటర్వ్యూ చేసినప్పుడు ఆయన చెప్పేది మీకు అందదు.

ఏ ఇంజన్‌కైనా కావలసినవి మూడు: ఇంధనం, గాలి, మంట. డీజిల్ ఇంజన్‌లో మంట గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడి నుంచి వస్తుంది. పెట్రోలు ఇంజన్‌లో ప్లగ్గు నుంచి వస్తుంది. ఇంజన్ అందుకోకపోతే మేస్త్రీ ఈ మూడింటినీ వరుసగా పరీక్షిస్తాడు.

డీజిల్ ఇంజన్ సంగతి చూడండి. ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే, తరువాత డీజిల్ పోసినా ఇంజన్ నడవదు. పైపులో గాలి చేరి నూనెకు అడ్డుపడుతుంది. పైపు నట్టు వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా 'ఎయిర్ తీయాలి'. ఈ ఒక్క పని తెలియక మెకానిక్ కోసం మైళ్లు నడిచే అవసరం రావచ్చు. నేర్చుకున్న రైతు స్పానరుతో పది నిమిషాల్లో పని ముగించుకోగలడు.

పొగ రంగు మరొక ఆధారం. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా బరువు ఎక్కువైంది. నీలిపొగ వస్తే రింగులో, లైనరో అరిగి ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ వస్తే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా నీరు చేరింది.

ఇంజన్ బాగా నడుస్తున్నా నీరు రాకపోతే లోపం పంపు వైపు ఉంటుంది. బావి అడుగున ఉన్న ఫుట్‌వాల్వు కారితే పైపులో నీరు నిలవదు. పంపులో నీరు నింపితే తప్ప అది లాగదు.

మెకానిక్ ఇక్కడ చేస్తున్న పని చరిత్రకారుడి పనికి దగ్గరగా ఉంటుందని గమనించండి. కంటికి కనిపించని కారణాన్ని కనిపించే గుర్తుల నుంచి ఊహించి, ఒక్కొక్క అవకాశాన్ని పరీక్షించి తోసిపుచ్చుతూ పోవడమే ఇద్దరి పద్ధతీ.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
నల్లపొగ, నీలిపొగ, తెల్లపొగ వేటిని సూచిస్తాయి?

6. కరెంటు, బోరు, ఇంజన్ నిష్క్రమణ

డీజిల్ ఇంజన్‌ను బావి గట్టు నుంచి తప్పించినవి మూడు పరిణామాలు.

ఒకటి, చమురు ధర. 1973 అక్టోబరు నుంచి 1974 జనవరి లోపు ప్రపంచ మార్కెట్‌లో ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది.

రెండు, కరెంటు. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి, 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థల ద్వారా లైన్లు పల్లెలకు చేరాయి. 1980ల తొలినాళ్లలో మీటరు లెక్క పోయి, మోటారు హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికి ఒకే మొత్తం కట్టే విధానం వచ్చింది. 2004 మేలో ఉచిత విద్యుత్తు ప్రకటన వెలువడింది. డీజిల్‌కు ప్రతి గంటకూ ఖర్చు ఉంటుంది. ఈ పద్ధతిలో అదనపు గంట కరెంటుకు ఖర్చు లేదు.

మూడు, నీటి మట్టం. దీనిలో ఒక భౌతిక సూత్రం ఇమిడి ఉంది. గట్టు మీది పంపు నీటిని 'లాగదు'. వాతావరణ పీడనం నీటిని పైపులోకి నెడుతుంది. సముద్ర మట్టం దగ్గర సిద్ధాంతరీత్యా సుమారు 10.3 మీటర్లు, ఆచరణలో 6–7 మీటర్లు మాత్రమే అలా ఎక్కుతుంది. సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె ప్రాంతంలో ఈ హద్దు మరికొంత తగ్గుతుంది. నీరు కిందికి పోయే కొద్దీ పంపును కూడా బావిలోకి దించాలి. ఇంజన్‌ను బావి లోపలి గట్టు మీద పెట్టి నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అక్కడే నిలుస్తుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. బాగుచేయడానికి దిగినవాడు, అతన్ని కాపాడటానికి దిగినవాడు ఇద్దరూ ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉంది. మరమ్మతు చరిత్రలో ఇది మరువకూడని పుట.

బావులు ఎండి బోర్లు వేయడం మొదలయ్యాక, కొన్ని అంగుళాల వెడల్పు గొట్టంలోకి దిగగలిగింది సబ్‌మెర్సిబుల్ మోటారు మాత్రమే. దానితో మెకానిక్ పని కూడా మారింది. రింగులు, నాజిల్ పోయి మోటారు వైండింగ్ వచ్చింది. ఇంజన్ ఆగినప్పుడు రైతు గట్టు మీదే కొంత ప్రయత్నం చేయగలిగేవాడు. వందల అడుగుల లోతున కాలిపోయిన మోటారును పైకి తీయడానికే మనుషులు, సామగ్రి కావాలి. నీటి వాడకాన్ని అదుపు చేయడానికి 2002లో జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం వచ్చినా బోర్ల పోటీ ఆగలేదు.

7. చిన్న పెట్రోలు ఇంజన్: పచ్చిక నుంచి తోటకు

డీజిల్ ఇంజన్ వెళ్లిన దారిలోనే మరో చిన్న ఇంజన్ వచ్చింది. దాని కథ ఇంగ్లండు పచ్చిక బయళ్లలో మొదలవుతుంది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ పచ్చిక కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. బట్ట నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రమే దానికి ప్రేరణ. 1902లో రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు ఇంజన్ బిగించిన యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. 1953లో అమెరికాలోని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అల్యూమినియంతో పోతపోసిన తేలికపాటి ఇంజన్‌ను తయారు చేయడంతో అక్కడ సామాన్య గృహస్థు ఇంటికీ అది చేరింది. మన దేశంలో 1985లో జపాన్ హోండా భాగస్వామ్యంతో చిన్న ఇంజన్ల సంస్థ ఏర్పడింది.

మన ప్రాంతంలో ఇళ్ల ముందు పచ్చిక అరుదు. అందుకే ఈ ఇంజన్ ఇక్కడ వేరే పనికి కుదురుకుంది. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే పవర్ స్ప్రేయరు, తోటలో గడ్డి కోసే బ్రష్ కట్టరు, టమాటా సాళ్లలో కలుపు తీసే వీడరు దానికి కొత్త రూపాలు. 2014–15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం వంటివి రాయితీతో వీటి వ్యాప్తికి తోడ్పడ్డాయి.

వీటిని కాపాడుకోవడంలో రైతులు ఎదుర్కొనే సమస్యలు నాలుగు:

(అ) రెండు స్ట్రోకుల ఇంజన్‌లో ఆయిల్‌కు వేరే చోటు లేదు. పెట్రోలులోనే కలపాలి. తయారీదారు 50:1 చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 చెబితే 40 మిల్లీలీటర్లు. ఆయిల్ మరచి పోసిన పెట్రోలుతో కొద్దిసేపట్లోనే పిస్టన్ సిలిండర్‌కు పట్టుకుపోతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఆయిల్ అడుగున వేరుగా ఉంటుంది. దాన్ని పుస్తకంలో చెప్పిన గంటలకు మార్చాలి.

(ఆ) ఈ ఇంజన్లు ఏడాదిలో కొద్ది వారాలే పనిచేస్తాయి. మిగిలిన నెలలు ట్యాంకులో నిలిచిన పెట్రోలు జిగురుగా మారి కార్బొరేటర్ సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. 2003లో మొదలైన ఇథనాల్ మిశ్రమ కార్యక్రమం కింద 2023లో 20 శాతం మిశ్రమం అమ్మకానికి రావడం మొదలైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కనుక పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లోని పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపడం మంచిది.

(ఇ) ఎర్రమట్టి దుమ్ములో పనిచేసే ఇంజన్‌కు గాలి ఫిల్టరే ప్రాణం. ఫిల్టరు తీసేసి నడిపితే శక్తి పెరిగినట్లు అనిపిస్తుంది. దుమ్ము మాత్రం రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది.

(ఈ) ఇంజన్ అందుకోనప్పుడు ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా ఉంటే ఇంధనం వస్తోంది, మంట లేదు. పొడిగా ఉంటే ఇంధనమే రావడం లేదు. మసి పట్టి ఉంటే గాలి తక్కువైంది, లేదా ఆయిల్ ఎక్కువైంది. కత్తులున్న యంత్రం మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు వైరు ఊడదీయాలి.

ఇక్కడ ఒక చారిత్రక వ్యత్యాసం ఉంది. పాత డీజిల్ ఇంజన్‌కు కొత్త లైనరు వేస్తే మరో పదేళ్లు నడిచేది. నేటి చౌక ఇంజన్‌కు చాలాసార్లు విడిభాగం దొరకదు, దొరికినా దాని ధరకు మరికొంత కలిపితే కొత్త యంత్రమే వస్తుంది. రాయితీ యంత్రం కొనడానికి ఉంది, బాగుచేయడానికి లేదు. కొనుగోలునే ప్రగతిగా లెక్కించే పద్ధతిలో, రెండేళ్లకే కొట్టం మూలన పడిన యంత్రం కూడా అభివృద్ధిగానే నమోదవుతుంది.

8. ఆధారాల సమస్య

ఈ చరిత్రకు ఆధారాలు ఎక్కడ ఉన్నాయి? ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ (కాక్స్ 1881లో రాసినది, తరువాత స్టువర్ట్ సవరించినది) ఇంజన్ ఇంకా రాని కాలానిది. తరువాతి ప్రభుత్వ నివేదికలు ఎన్ని ఇంజన్లు పెట్టారో చెబుతాయి, ఎన్ని ఆగిపోయాయో అరుదుగా చెబుతాయి. మరమ్మతు చేసినవారి పేర్లు వాటిలో దాదాపు ఉండవు.

ఆ లోటును పూరించగలిగింది మీరే. మీ ఊరిలో కపిల తోలినవారు, ఇంజన్ హ్యాండిల్ కొట్టినవారు, షెడ్ నడిపినవారు ఇంకా ఉండవచ్చు. వారి మాటను నమోదు చేయండి. పాడుబడిన బావి లోపలి ఇంజన్ గట్టును, ఇంజన్ మీది రేకు పలకను, పాత రసీదును ఆధారాలుగా చూడటం నేర్చుకోండి. జ్ఞాపకం సంవత్సరాలను తికమక పెడుతుంది. కనుక పెళ్లి, కరువు, వరద వంటి సంఘటనలతో పోల్చి కాలాన్ని నిర్ధారించుకోండి.

9. సారాంశం

చిత్తూరు జిల్లాలో నీటిని తోడే శక్తి ఎద్దుల నుంచి నూనెకు, నూనె నుంచి కరెంటుకు మారింది. ప్రతి మార్పులోనూ శ్రమ కొంత తగ్గింది. అదే సమయంలో మరమ్మతు జ్ఞానం ఊరి నుంచి పట్నానికి, పట్నం నుంచి కంపెనీకి దూరమవుతూ వచ్చింది. యంత్రం ఎవరిదన్న ప్రశ్నకు దాన్ని కొన్నవారి పేరు సగం సమాధానం మాత్రమే. అది ఆగిన రోజున దాన్ని తిరిగి నడిపించగలిగేది ఎవరో తెలిస్తేనే రెండవ సగం తెలుస్తుంది.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. తొలి ఆయిల్ ఇంజన్లు చిన్న రైతులకు అందకపోవడానికి కారణాలను వివరించండి.
2. డీజిల్ ఇంజన్ల నిష్క్రమణలో భూగర్భ జల మట్టం పాత్రను చర్చించండి.
3. మీ ప్రాంతంలోని ఒక మెకానిక్ లేదా రైతుతో మాట్లాడి, ఒక యంత్రం కొన్ననాటి నుంచి మూలన పడిననాటి వరకు చరిత్రను రెండు పుటల్లో రాయండి.